వెసఁ బాఱు ‘వాని’నా, ‘వారి’నా?

చాటువు: ఆముక్తమాల్యదలో బాతుల పద్యం, ‘తల పక్షచ్ఛటఁ గ్రుక్కి’. తెల్లవారుజామున చేని కాలవలో రెక్కల్లో తల దూర్చి నిద్రపోయే బాతుల్ని, స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు వదిలేసిన పిండిన పంచెలనుకుని, వాళ్ల ఇళ్లకు చేర్చుదామని ఆరెకులు (కావలివాళ్లు) రేవుల్లోకి దిగుతారు. చివరి పాదం దగ్గర తడబడుతున్నాను. ‘వెసఁ బాఱు వానిఁ గని నవ్వున్’ అనా, ‘వారిఁ గని’ అనా? గణాలకు రెండూ సరిపోతాయి, యతిస్థానమూ కాదు. ఇంతకీ పారింది ఎవరు?

తత్సమం: ‘వానిఁ’ అనే. ఆరెకులైతే మహత్తు (పురుషవాచకం), ‘వారిన్’ కావాలి. ఇది అమహద్బహువచనం, బాతుల్లాంటి వాటికి వాడేది, ఇప్పటి ‘వాటిని’. కావలివాళ్లు రేవుల్లోకి దిగారు, బాతులు పారాయి, చేల కాపుకత్తెలు నవ్వారు. ‘డిగ్గన్’ (దిగగా) తర్వాత కర్త మారిందని పట్టుకుంటే చిక్కే లేదు.

నీటిఒడ్డు: వ్యాకరణం సరే. నేను ‘బాఱు’ దగ్గర ఆగుతాను. సరస్సు రేవుల్లో బాతుల్ని చూసేవాళ్లకి తెలుసు: తేలుతూ పైపైన మేసే జాతులు బెదిరితే ఉన్నచోటి నుంచే నిలువునా లేస్తాయి. మునిగి మేసేవి అలా లేవలేవు. నీటి మీద కాళ్లు టపటపలాడిస్తూ కొంత దూరం పరిగెత్తాకే గాలి అందుకుంటాయి. ‘వెసఁ బాఱు’ ఆ పరుగే.

తత్సమం: మునిగే జాతులకు లోతు కావాలి కదండీ. ఇక్కడున్నది ‘కేదారంపుఁ గుల్య’, చేని కాలవ. అందుకే ఇవి పెంపుడు బాతులు. పైగా పంచెలనుకోవాలంటే తెల్లగా ఉండాలి.

మత్తేభం: తెలుపు ఎక్కడుంది పద్యంలో? ‘పిండీకృత శాటులు’ అన్నాడు, పిండి ముద్దచేసిన బట్టలు. రంగు కాదు, ఆకారం. అందుకే ‘తల’తో ఎత్తుకున్నాడు. తల దాగితే బాతు వట్టి ముద్ద. రెక్క కింద తల పెడుతుందంటారు గానీ, మెడ వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో దోపుకుంటుంది. ‘పక్షచ్ఛట’ ఆ ఈకల ఒత్తే. ఇంత దగ్గరగా చూసిన కవి మనకు ఇంకొకడు లేడు! మూడో పాదం చివర ‘రే’, నాలుగో పాదం మొదట ‘వుల’. మాట విరిగిన చోటే కావలివాళ్లు అడుగు దించుతారు.

నీటిఒడ్డు: ఆ వేళ నిద్రా అడవిబాతులకే నప్పుతుంది. చాలా జాతులు రాత్రి చేలల్లో మేసి, తెల్లవారేసరికి నీళ్లు చేరి కునుకు తీస్తాయి.

చాటువు: మరి మనిషి అంత దగ్గరికొచ్చేదాకా ఊరుకుంటాయా? గుంపు అంచున పడుకున్నవి బయటివైపు కన్ను తెరుచుకునే నిద్రపోతాయని 1999లో మల్లార్డ్ బాతుల మీద పరిశోధన వచ్చింది.

తత్సమం: నేననేదీ అదే. రేవు దిగేదాకా కదల్లేదంటే మనుషులకు మరిగినవే.

నీటిఒడ్డు: మరగటం పెంపకానికి రుజువు కాదు. పడవల రేవులో గుంజ మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకునే నీటికాకి, పక్కనుంచి పడవ పోయినా కదలదు. చేపలు దించే వేళకు కొంగలు మనుషుల కాళ్ల దగ్గరికే వస్తాయి. వాటిని ఎవరు పెంచారు?