పుస్తకం లేదు, కథలు తొమ్మిది ఉండాయి: దేనికి పంపేది?

అడిగింది, పుత్తూరు నుంచి:
అన్నలకూ అక్కలకూ నమస్తే. నాకు 29 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తా. కథలు తొమ్మిది రాసినాను. మూడు పత్రికల్లో పడినాయి, రెండు ఫేస్‌బుక్కులో పెట్టినా, నాలుగు నోటుబుక్కులోనే ఉండాయి. యువ పురస్కారానికి వెయ్యాలంటే ముందు పుస్తకం అచ్చేయించు అని మా ఫ్రెండు ఒకటే పోరు. తిరుపతిలో ప్రెస్సులో అడిగితే 300 కాపీలకు నలభై వేలన్నారు. అప్పు చేసేదా?

జవాబు, చంద్రగిరి నుంచి:
అప్పు మాట ఎత్తొద్దు తమ్ముడూ. సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి పుస్తకం కావాల్సిందే గానీ తొందర లేదు, పురస్కారం ఇచ్చే ఏడాది జనవరి 1 నాటికి 35 దాటకుండా ఉంటే చాలు. ఇచ్చేది 50 వేలు, ఒక తామ్ర ఫలకం. నీకు ఇంకా ఐదేళ్లు చేతిలో ఉండాయి. 2011లో మొదలైనప్పుడు తెలుగులో తొలి పురస్కారం కథల పుస్తకానికే, మన పక్కన కడప జిల్లా వేంపల్లి గంగాధర్‌కు వచ్చింది. కాబట్టి కథలకు రాదేమో అనే దిగులొద్దు. ఆ తొమ్మిదిట్లో ఇప్పుడు చదివితే నీకే నచ్చనివి ఎన్ని? మూడున్నా సరే, పుస్తకం ఆపు.

నీకు వయసు దాటిపోతా ఉండేది పీఎం యువ అనే కుర్ర రచయితల పథకానికి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు నడిపేది, 30 ఏళ్ల లోపు వాళ్లకే. 2021లో, 2022లో 75 మంది చొప్పున తీసుకుంటామన్నారు. 2025లో మూడో విడతకు 50 మంది. అచ్చయిన పుస్తకం అక్కర్లేదు, రాయబోయే పుస్తకానికి ప్రతిపాదన పంపాల. ఎంపికైతే నెలకు 50 వేలు, ఆరు నెలలు. పుస్తకం వచ్చినాక 10 శాతం రాయల్టీ. అయితే విషయం వాళ్లదే. మూడో విడతలో ఒకటి భారతీయ జ్ఞాన సంప్రదాయం. అట్లాంటిదానికి తిరుపతిలో ఉండేవాళ్లకు సరుకు కాళ్ల దగ్గరే ఉంది: తాళ్లపాక వాళ్ల రాగిరేకులు, ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాలు. ఇది ఏటా వచ్చేది కాదు. నోటిఫికేషన్ పడినాక మొదలుపెడితే అందదు, ఒక అధ్యాయం ఇప్పుడే రాసి పెట్టుకో.

అడిగింది:
30 దాటినాక పడితే అన్నా?

జవాబు, చిత్తూరు నుంచి:
అప్పుడు కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ చూడు. 25 నుంచి 40 దాకా, నెలకు 10 వేలు, రెండేళ్లు. ఆరు నెలలకోసారి ఏం చేసినావో రిపోర్టు రాసియ్యాల. నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటా అది రాసేదానికి ఓపికుందా, ముందే ఆలోచించుకో.

ఇవన్నీ పెద్ద మాటలు. ముందు సంక్రాంతి, ఉగాది కథల పోటీలకు పంపు. ఇక్కడే జనం బోర్లా పడేది, కథ బాగలేక కాదు, హామీపత్రం చదవక. సొంత కథేననీ, అనువాదం, అనుసరణ కాదనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ సంతకం పెడతామా లేదా? నేను ఒకే కథను రెండు చోట్లకు పంపినా. ఒకచోట మూడో బహుమతి వచ్చింది, ఇంకోచోట అదే వారం సాధారణ ప్రచురణకు తీసుకున్నారు. రెండిట్లో ఒకరికి ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది. ఆ ఎడిటరు కోప్పడింది లేదు, "సరేనమ్మా" అని పెట్టేసినాడు. తర్వాత మూడేళ్లు ఆయనకు కథ పంపే మొహం లేకపోయింది.

ఇంకోటి, పేరు. కథ ఉండే కాగితాల మీద పేరు ఉండకూడదంటారు. మనం మొదటి పేజీలో తీసేస్తాం, చివర "కథ సమాప్తం" కింద ఫోన్ నంబరు అట్నే ఉంటుంది. ఫైలు పేరు కూడా మన పేరే పెట్టింటాం.

జవాబు, పీలేరు నుంచి:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. డీటీపీ షాపులో అనూ ఫాంటులో కొట్టిస్తే అదే మెయిల్ చేయొద్దబ్బా. యూనికోడ్ అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనపడేది, అది అడిగినారంటే అదే. మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, నా కథలో వత్తులన్నీ ఊడి పక్కన పడినాయి. లక్ష్మి అనే పాత్ర పేరు 47 చోట్ల చేత్తో దిద్దినా. ఫోన్లో నువ్వే టైపు చేసుకో, నయం.

పోస్టులో పంపాల్సొస్తే స్పీడ్ పోస్టే. 2025లో రిజిస్టర్ పోస్టు దాంట్లోనే కలిసిపోయింది.

జవాబు, చంద్రగిరి నుంచి:
"ఎంపికైన రచనల సర్వహక్కులు సంస్థవే" అనుంటే సంతకం పెట్టే ముందు ఆగు. ఎన్నేళ్లకో రాయకుండా హక్కులు రాసిస్తే 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లకే చెల్లుతుంది, ఎక్కడికో రాయకుంటే మన దేశం వరకే. ఆ ఐదేళ్లూ నీ కథ నీ పుస్తకంలో వేసుకోవాలన్నా వాళ్లనే అడగాల. తొలి ప్రచురణ, సంకలనం వరకు ఇస్తానని మర్యాదగా రాస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఐదొందలు కట్టు, సంకలనంలో వేసి శాలువా కప్పుతాం అనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. మా ఇంట్లో అట్లాంటి శాలువాలు మూడుండాయి, చలికి కూడా పనికిరావు.

అడిగింది:
ఫేస్‌బుక్కులో పెట్టిన రెండూ తీసేస్తే పోటీకి పనికొస్తాయా?

జవాబు, చిత్తూరు నుంచి:
సోషల్ మీడియాలో వచ్చినవి కూడా వద్దని ఇప్పుడు చాలా పోటీల్లో రాస్తా ఉండారు. తీసేసినా చదివినోళ్లు ఉంటారు కదా. అవి పుస్తకానికి పెట్టుకో. మిగిలిన నాలుగిట్లో ఏది పంపుదామని?

అడిగింది:
బెల్లం గానుగ కథ అక్కా. 3,400 మాటలొచ్చింది. ఇప్పుడు పడిన పోటీలో 1,500 లోపే అన్నారు. కోసేయొచ్చా?

జవాబు, చిత్తూరు నుంచి:
దాన్ని కోయొద్దు నాయనా. మిగతా మూడిట్లో చిన్నది?

అడిగింది:
పల్లెవెలుగు బస్సులో కండక్టరు చిల్లర కథ. 1,280.

జవాబు, చిత్తూరు నుంచి:
అది పంపు. గానుగ కథకు పెద్ద పోటీ పడినప్పుడు చెప్తా.