వాసిలెక్ ఆటోమేటిక్ మోర్టార్: బరువుకు తగ్గ లాభం ఉందా?

అందరికీ నమస్కారం. సోవియట్ సైన్యం 1970లో తీసుకున్న 82 మి.మీ. మోర్టార్ (షెల్స్‌ను ఎత్తుగా, వంపుగా విసిరే చిన్న ఫిరంగి) 2బి9 వాసిలెక్ గురించి తెలిసినవాళ్ళు సాయం చేయండి.

మామూలు మోర్టార్‌లో షెల్‌ను గొట్టం పైనుంచి ఒక్కొక్కటిగా జారవిడవాలి. ఇందులో నాలుగు షెల్స్ ఉన్న క్లిప్‌ను పక్కనుంచి పెడితే అవి వరసగా గొట్టంలోంచి దూసుకెళ్తాయి. గొట్టాన్ని నేలకు సమాంతరంగా దించి, ఎదురుగా కనిపించే లక్ష్యం మీదికి నేరుగానూ కాల్చవచ్చు. అఫ్గానిస్తాన్ యుద్ధంలో దీన్ని ఎంటీ-ఎల్‌బీ కవచ వాహనాలకు బిగించి కూడా వాడారు.

చిక్కల్లా బరువుతోనే. ఇది 600 కిలోలు దాటుతుంది, రేంజ్ చూస్తే 4 కిలోమీటర్ల పైచిలుకే. అదే మామూలు 81 మి.మీ. మోర్టార్‌నైతే విడదీసి జవాన్లు భుజాన మోసుకుపోతారు. అయినా మొదటి షెల్ పడగానే శత్రువు నక్కుతాడు కాబట్టి, ఆ తొలి క్షణాల్లోనే నాలుగూ పడటం పెద్ద లాభమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నేను తెలుసుకోవాలనుకునేది ఇదీ: క్లిప్ మొత్తం కాల్చాక గురి ఎంత చెదురుతుంది? ప్రతిసారీ సరిచూసుకోవాలా? కొండల్లో అంత వేగానికి సరిపడా షెల్స్ ఎలా అందించేవారు? మన సైన్యంలో మోర్టార్ ప్లటూన్‌లో పనిచేసి రిటైరైనవారు ఎవరైనా ఉంటే, బహిరంగంగా చెప్పదగినంత వరకు మీ అనుభవంతో పోల్చి చెప్పగలరా?