‘పాత నేరస్థుడు’ అని ఎవరిని అనవచ్చు?

మొన్న నాంపల్లి కోర్టు ఎదుట చాయ్ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ‘గంజాయి కేసులో పాత నేరస్థుడి అరెస్టు’ అన్న శీర్షిక కనిపించింది. కింద వార్త చదివాను. అతని మీద ఇదివరకే రెండు కేసులున్నాయట, రెండూ ఇంకా విచారణలోనే ఉన్నాయట. మరి నేరస్థుడు ఎప్పుడయ్యాడు?

మనకు మాటల కరువు లేదు. అనుమానితుడు, నిందితుడు, దోషి: ఒక్కో మాటకు ఒక్కో మెట్టు. ‘పాత’ అనే విశేషణం తగిలించి ఆ మెట్లన్నీ ఒక్క అంగలో దాటించేస్తున్నాం.

మత్తుపదార్థాల చట్టం (1985) మాత్రం ఈ తేడాను గట్టిగా పట్టుకుంది. 20 కిలోలకు మించిన గంజాయి కేసులో శిక్ష 10 నుంచి 20 ఏళ్లు. ఒకసారి దోషిగా తేలినవాడు మళ్లీ అంతే శిక్ష ఉన్న నేరంలో దోషిగా తేలితే, 31వ సెక్షన్ ప్రకారం అది ఒకటిన్నర రెట్లు, అంటే 15 నుంచి 30 ఏళ్లు. పాత కేసులు ఎన్ని ఉన్నా ఈ లెక్కలోకి రావు, పాత తీర్పే వస్తుంది.

నేర విచారణ పద్ధతిలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది, నాకు ఎంతో నచ్చినది. పాత శిక్ష ఎప్పుడు, ఎక్కడ పడిందో అభియోగంలో రాయాలి. కానీ సెషన్స్ కోర్టు (పెద్ద నేరాలను విచారించే జిల్లా స్థాయి కోర్టు) విచారణలో, ఇప్పటి కేసులో దోషి అని తేలేదాకా ఆ భాగాన్ని చదివి వినిపించకూడదు. పాత మచ్చ చూసి కొత్త తీర్పు చెప్పకూడదనే కదా! కోర్టు అంత పదిలంగా దాచిన సంగతిని మనం శీర్షికకెక్కిస్తున్నాం, అదీ పడని శిక్షను పడినట్టుగా.

ఇది చదివి మా బృందంలోని ఒక సభ్యురాలు రాసిన జవాబు: పాతబస్తీలో మా పక్కింటివారు ఉర్దూలో ‘సజాయాఫ్తా’ అంటారండీ. శిక్ష పొందినవాడు అని ఒక్క మాటలో తేలిపోతుంది. వాళ్లకు ‘ముద్దయి’ అంటే ఫిర్యాదు చేసినవాడు, మన ‘ముద్దాయి’ ఏమో బోనులో నిలబడేవాడు! తెలుగులో ‘శిక్షితుడు’ అనవచ్చా?

నా జవాబు: అనలేమండీ, శిక్షితుడంటే తర్ఫీదు పొందినవాడనే అర్థం స్థిరపడింది. తీర్పు వచ్చి ఉంటే ‘గతంలో శిక్ష పడిన వ్యక్తి’, రాకపోతే ‘పాత కేసుల్లో నిందితుడు’ అంటే చాలనుకుంటున్నాను. శీర్షికకు కాస్త పొడవే, అయినా ఒక మనిషి పరువుకు ఆ పాటి చోటు ఇవ్వాలి. మీ ఊరి కోర్టుల్లో ఇంతకన్నా పొట్టి మాట వాడుకలో ఉంటే రాయండి.