కేబుల్ కారులో వెళ్తే శిఖరం చేరినట్టేనా?

పడమటిగాలి: పోయిన వారం ఫ్రాన్సులోని షామొనీ నుంచి అమ్మతో కలిసి ఎగ్వీ దు మిదీ శిఖరం చేరాను. ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరం 3,842. మధ్యలో ఒకసారి కేబుల్ కారు మారాలి. రెండో విడతలో దారి పొడుగునా ఒక్క స్తంభం లేదు, తీగ మీదే వేలాడుతూ వెళ్లాం. ఇరవై నిమిషాలకే పైన ఉన్నాం. సంచిలో చిప్స్ పొట్లం బెలూనులా ఉబ్బింది!

నడకబాట: చేరలేదు, చేర్చారు. కేబుల్ కారు 3,777 మీటర్ల దగ్గరే ఆగుతుంది. మిగతా 65 మీటర్లు రాతిని తొలిచి పెట్టిన లిఫ్టు. లిఫ్టెక్కి శిఖరం ఎక్కానంటే ఎలా?

పడమటిగాలి: ఎక్కానని ఎక్కడ రాశాను? బస్సులో తిరుమల వెళ్లినవాళ్లకు దర్శనం దక్కదా? అలిపిరి నుంచి 3,550 మెట్లూ అందరూ ఎక్కాల్సిందేనా?

నడకబాట: బస్సు దిగినవాళ్లు మెట్లెక్కామని చెప్పుకోరు.

చింతచిగురు: లిఫ్టు దగ్గర వరుస ఎంత ఉందండీ?

పడమటిగాలి: ముప్పావు గంట.

నడకబాట: 65 మీటర్లకు ముప్పావు గంట! రెండేళ్లు డబ్బు కూడబెట్టి, మోకాళ్లు అరిగేలా సాధన చేసి ఆ కొండలకు వెళ్లాను. తుఫాను వచ్చి వెనక్కి పంపారు. కొండెక్కేవాళ్లు మంచు మీదికి దిగే సొరంగం దగ్గర నడుముకు తాడు కట్టుకుని నిలబడితే, చెప్పులేసుకున్న ఒకాయన నన్ను పక్కకు జరగమన్నాడు, ఫోటోకు అడ్డమట. మీరూ ఫోటో కోసమే పెద్దావిడను లాక్కెళ్లి ఉంటారు.

పడమటిగాలి: నోరు అదుపులో పెట్టుకోండి. మా అమ్మ ముప్పై ఏళ్లు భూగోళం చెప్పింది. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ బ్లాంక్‌ను నల్లబల్ల మీద సుద్దతో గీసిన మనిషి. అక్కడి నుంచి అది ఎదురుగా కనిపిస్తుంది. ఆమె మోకాళ్లతో ఏ దారిన నడిచి వెళ్లమంటారు?

గోదారిగట్టు: ఇద్దరూ శాంతించండి.

నడకబాట: మోకాళ్ల గురించి కాదు. మా నాన్నను ఇలాగే ఇరవై నిమిషాల్లో పైకి తీసుకెళ్లాను. సముద్రమట్టం దగ్గర అందే ప్రాణవాయువులో మూడింట రెండొంతులు కూడా అక్కడ అందదు. పెదవులు నీలమయ్యాయి, మెట్ల మీదే కూలబడ్డారు. గుండె జబ్బుందని తెలిసీ డాక్టరును అడగలేదు. మీరు అడిగారా?

పడమటిగాలి: అడిగాను. వద్దన్నారు.

నడకబాట: వద్దన్నాక కూడా తీసుకెళ్లారా!

పడమటిగాలి: నేను తీసుకెళ్లలేదు. రెండు టికెట్లూ ఆమే కొంది.