పాత ఎంజీబీకి ఫ్లేర్లు, వెడల్పు టైర్లు: మడ్‌గార్డ్ కోయించాలా వద్దా?

మిర్యాలగూడ_రోడ్‌స్టర్:

అందరికీ నమస్తే. మా పెదనాన్న ఇంగ్లండ్‌లో డాక్టర్‌గా చేసి తిరిగొస్తూ వెంట తెచ్చుకున్న 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇప్పుడు నా చేతికొచ్చింది. ఏళ్ల తరబడి రైస్ మిల్లు వెనక షెడ్డులో ఉండిపోయింది. ఇంజన్, బ్రేకులు, వైరింగ్ అన్నీ చేయించాను, బండి చక్కగా నడుస్తోంది, మిగిలింది టైర్లే. ఇప్పుడున్నవి కంపెనీ సైజే, వైర్ వీల్స్ (సైకిల్ చక్రంలా పుల్లలున్నవి) మీద 155 ఎంఎం వెడల్పువి, రబ్బరు పూర్తిగా గట్టిపడిపోయి పక్కల పగుళ్లు వచ్చాయి. సాగర్ రోడ్డులో మలుపు కొంచెం వేగంగా తీసుకుంటే వెనక భాగం జారుతున్నట్టు తెలుస్తోంది.

ఎలాగూ టైర్లు మార్చాలి కాబట్టి 205 వేసి, సెబ్రింగ్ టైపు ఫ్లేర్లు (వెడల్పు టైరును కప్పేలా మడ్‌గార్డ్‌ను బయటికి ఉబ్బించే అంచులు) పెట్టిద్దామని నా కోరిక. చిన్నప్పటి నుంచి ఆ ఉబ్బెత్తు మడ్‌గార్డుల ఎంజీ ఫొటోలంటే ప్రాణం నాకు. హైదరాబాద్‌లో ఒక షాపాయన్ని అడిగితే, అంచు కోసేసి ఫైబర్‌వి రివిట్లు కొట్టి పుట్టీ పెట్టి వారంలో బండి ఇచ్చేస్తానన్నాడు. మా ఊళ్లో టింకరింగ్ చేసే పెద్దాయన మాత్రం వెనక మడ్‌గార్డ్ లోపలికి చెయ్యి పెట్టి తడిమి చూసి, "ఇది కోస్తే మళ్లా మునుపటిలెక్క కాదు బిడ్డా, మంచిగ ఆలోచించుకో" అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. కోయకుండా ఎంత వెడల్పు టైరు పడుతుంది? ఫ్లేర్లు పెట్టించాలంటే ఫైబరా, రేకా? ఆర్‌సీకి ఏమైనా ఇబ్బంది వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_టింకర్:

తమ్మీ, మీ ఊరి పెద్దాయనకు పని తెలుసు, ఆయన్ని వదులుకోకు. ఎంజీబీకి జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి, పాడైతే విప్పి వేరేవి వేసుకోవచ్చు. వెనకవి అలా కాదు, వెల్డింగ్ చేసినవి. వెనక చక్రం పైన వేలు పెడితే తగిలే అంచు ఒకే రేకు అనిపిస్తుంది గానీ, బయటి మడ్‌గార్డ్ రేకూ లోపలి గూడు రేకూ రెండూ అక్కడ కలిసి స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటాయి. పాత పెయింటు గీకి చూడు, వరసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, అవే ఆ వెల్డింగ్ చుక్కలు. ఆ అంచు కోసేస్తే రెండు రేకులూ విడిపోయి మధ్యలో సందు తెరుచుకుంటుంది. టైరు చిమ్మే నీళ్లు, బురద నేరుగా ఆ సందులోకి పోతాయి, అక్కడ బాడీకి ఉన్న బిగువూ పోతుంది. పైన ఫైబర్ పెట్టి పుట్టీతో కప్పేస్తే బయటికి ఏమీ తెలియదు, లోపల మాత్రం తుప్పు తింటూ ఉంటుంది. వారంలో ఇస్తానన్నాడంటే ఆ రెండు రేకులను మళ్లీ కలిపే ఆలోచన ఆయనకు లేదనే నా అనుమానం, వెళ్లి సూటిగా అడుగు.

ఇంకొకటి, కోయకుండా పైనుంచి ఫ్లేర్ బిగిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. టైరు తగిలేది లోపలి అసలు అంచుకు. అది అలాగే ఉంటే ఫ్లేర్ ఎంత బయటికి వచ్చినా టైరుకు చోటు పెరగదు.

సైజు సంగతి చూద్దాం. నీ పాత 155 టైరు బయటి వ్యాసం దాదాపు 610 ఎంఎం ఉంటుంది. 185/70 ఆర్14 (185 ఎంఎం వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ వ్యాసం 14 అంగుళాలు) వేస్తే 615 వస్తుంది, అంటే స్పీడోమీటర్ దాదాపు కరెక్టుగానే చూపిస్తుంది. 205/60 ఆర్14 అయితే 602కు తగ్గుతుంది, దానికి రిమ్ వెడల్పు కనీసం ఐదున్నర అంగుళాలు ఉండాలి. నీ వైర్ వీల్ మామూలుగా నాలుగున్నరే. 185 దాని మీద ఎక్కుతుంది గానీ ఐదు, ఐదున్నర మీద ఇంకా బాగా కూర్చుంటుంది. పైగా వైర్ వీల్ ఎంజీబీలకు, నీ ఏడాది మోడల్‌తో సహా, వెనక యాక్సిల్ బోల్టు చక్రాల బండి కంటే కొంచెం పొట్టిగా ఇచ్చారు. కాబట్టి ఫలానా బండికి పట్టింది నాకూ పడుతుంది అనుకోవద్దు, ముందు వాళ్ల యాక్సిల్ ఏదో అడుగు.

కొనే ముందు ఎవరిదైనా 185 టైరున్న చక్రం అరువు తెచ్చి వెనక బిగించు, అంచు లోపలివైపు గోధుమ పిండి ముద్ద కలిపి అంటించు. డిక్కీలో మీ మిల్లు బియ్యం బస్తాలు వెయ్యి, సీట్లలో ఇద్దరిని కూర్చోబెట్టు, ఖాళీ స్థలంలో నెమ్మదిగా రెండు వైపులా తిప్పుతూ ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించు. దిగి చూస్తే పిండి మీద టైరు ముద్ర ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఎడమ, కుడి రెండూ చెయ్యి, ఎంజీబీల్లో రెండు వైపులా సందు సమానంగా ఉండదు. వెనక ఉన్నవి కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి మలుపులో యాక్సిల్ కొంచెం పక్కకు కూడా జరుగుతుంది, బండి నిలబెట్టి స్కేలు పెట్టి కొలిస్తే అది తెలియదు.

నల్లగొండ_పాతబండ్లు:

ఆర్‌సీ గురించి నేను చెప్తా, ఎందుకంటే ఇందులోనే ఎక్కువమంది ఇరుక్కుంటున్నారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇది అన్ని బండ్లకూ వర్తిస్తుంది.

మీ బండికి ఇంకో మెలిక ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, దిగుమతి బండ్లూ అందులోకి వస్తాయి, నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా తీసుకుంటే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. వెనక మడ్‌గార్డ్ కోయడమంటే బాడీ షెల్‌ను ముట్టుకోవడమే. మీది 1972 మోడల్, ఆ అర్హత వచ్చేసింది, దాన్ని మీ చేత్తో పోగొట్టుకోవద్దండీ. వింటేజ్ నంబరు తీసుకుంటే బండిని రోజువారీగా తిప్పకూడదన్న నిబంధన కూడా ఉంది, ఎగ్జిబిషన్లు, ర్యాలీలు, మెయింటెనెన్స్ లాంటి వాటికే. సాగర్ దాకా తరచూ వెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవడం మేలు. ఇన్సూరెన్స్ కాగితాల్లో టైరు సైజు మార్పు ముందే రాయించండి, ప్రమాదం జరిగాక సర్వేయర్ మొదట చూసేది అలాంటివే.

జడ్చర్ల_44:

అందరూ వద్దు వద్దు అంటున్నారు, నేను ఇంకో వైపు మాట్లాడతా. ఫ్లేర్లు ఊరికే షోకు కోసం పుట్టలేదు. 1968లో అమెరికాలో జరిగిన సెబ్రింగ్ 12 గంటల రేసులో ఎంజీసీ జీటీఎస్ (ఎంజీబీని పోలిన ఎంజీ రేసు కారు) ఆ వెడల్పు మడ్‌గార్డులతోనే దిగింది, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. పోర్షే 1973 కరెరా ఆర్ఎస్‌కు వెనక 7 అంగుళాల రిమ్ పట్టాలనే కంపెనీయే మడ్‌గార్డులు వెడల్పు చేసింది. బీఎండబ్ల్యూ 2002 టర్బోకైతే ఫ్లేర్లు పైనుంచి బిగించి అమ్మారు. అంటే ముందు చక్రం అవసరం వచ్చింది, తర్వాత మడ్‌గార్డ్ వచ్చింది.

రేసు ట్రాక్ బండి చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పద్ధతిగా చేయించుకోండి. బయటి రేకు గుర్తు పెట్టుకుని కోశాక లోపలి గూడు రేకును అంగుళం అంగుళానికి చీల్చి, ఆ పట్టీలను ఒక్కొక్కటే బయటికి వంచి బయటి రేకుకు కలిపి వెల్డింగ్ చెయ్యాలి, సందులన్నీ పూడ్చి సీలర్ పెట్టాలి. ఫైబర్ కంటే రేకు ఫ్లేరే నాకు ఇష్టం, ఫైబరూ ఇనుమూ ఎండకు ఒకే తీరున సాగవు, కలిసిన చోట పెయింటు పగులుతుంది, మన పాలమూరు ఎండల సంగతి తెలిసిందే కదా. వెల్డింగ్‌కు ముందు డిక్కీ కింద ఉన్న పెట్రోల్ ట్యాంక్ విప్పి బయట పెట్టాలి, సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీల కనెక్షన్ తీసెయ్యాలి. ఇవి చేయని షాపులో అడుగు పెట్టొద్దు.

కానీ మిర్యాలగూడ తమ్ముడూ, నీకు ఇది వద్దు. నీ బండి టన్ను కూడా తూగదు, 205 వేస్తే పవర్ లేని స్టీరింగ్ పార్కింగ్‌లో చేతులు లాగేస్తుంది. చక్రం బయటికి జరిగేకొద్దీ ముందు బేరింగ్‌లు, కింగ్‌పిన్‌ల (ముందు చక్రాలు తిరిగే ఇరుసు కడ్డీల) మీద బరువు పడుతుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద తేలికైన బండికి వెడల్పు టైరు ఇంకా ముందే తేలిపోతుంది. నీకు మలుపులో జారుతోంది సైజు వల్ల కాదు, గట్టిపడిన రబ్బరు వల్ల.

మిర్యాలగూడ_రోడ్‌స్టర్:

అన్నలూ, చాలా థ్యాంక్స్. పిండి టెస్ట్ చేశాను. ఫ్రెండ్ ఐదున్నర రిమ్ మీదున్న 185/70 చక్రాలు ఇచ్చాడు. కుడివైపు అసలు ముద్రే పడలేదు, ఎడమవైపు పైభాగంలో వేలి వెడల్పు మేర పిండి చదునైంది. పాత టైర్ల పక్కన తారీఖు అంకెలు చూస్తే చివరి రెండూ 04, అంటే 2004 నాటివి. కోయించడం లేదు. ఆ ఎడమ అంచుకు ఏం చెయ్యాలి? ఇంకొకటి, ట్యూబ్ లేకుండా వేసుకోవచ్చని టైరు షాపులో అంటున్నారు, నిజమేనా?

పాలమూరు_టింకర్:

అంచును కోయకుండా లోపలికి మడిస్తే చాలు. హీట్ గన్‌తో పెయింటు వేడి చేస్తూ రోలర్‌తో కొంచెం కొంచెం నొక్కించు, చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారే వంచితే పెయింటు పెచ్చులు లేస్తుంది. వెల్డింగ్ చుక్కలు విడకుండా మీ పెద్దాయన్నే చేయమను. తర్వాత లోపల సీలర్, పైన అండర్‌కోట్.

ట్యూబ్ తప్పదు. వైర్ వీల్‌లో పుల్లల చివరలు రిమ్‌లోంచి బయటికి వస్తాయి, గాలి అక్కడి నుంచే పోతుంది. పుల్లల తలల మీద రిమ్ టేపు చుట్టించి, ఆ సైజుకు సరిపోయే ట్యూబ్ వేయించు. చక్రాలు విప్పినప్పుడే హబ్ (చక్రం ఎక్కే మధ్య భాగం) మీద పళ్లు చూడు, కొసలు కత్తి అంచులా సన్నగా తేలి ఉంటే అరిగిపోయినట్టే, కొత్త టైరు పట్టు పెరిగేకొద్దీ అవి ఇంకా త్వరగా పోతాయి. అవి బాగుంటేనే టైర్లకు ఆర్డర్ పెట్టు.