పెరట్లో కుక్కకు పెట్టిన తిండి అడవి జంతువుల పాలవుతోంది. మీరంతా ఏం చేస్తున్నారు?

చంద్రగిరి పెరడు

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె. ఇంటి వెనక రెండు చేలు దాటితే శేషాచలం కొండ మొదలవుతుంది. మా దగ్గర ఒక నాటు కుక్క ఉంది, పేరు కరియ, నాలుగేళ్లది. రెండు పిల్లులు కూడా పెరట్లోనే తిరుగుతుంటాయి. రాత్రి తొమ్మిదికి మేమంతా తిన్నాక మిగిలిన సంగటి, మజ్జిగన్నం, ఆదివారమైతే కోడి ఎముకలు కలిపి వెనక వసారాలో స్టీలు బేసిన్‌లో పెడతాం. కరియ అప్పుడు కొంచెం తిని, మిగతాది తెల్లవారుజామున తింటుంది. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

నెల రోజులుగా తెల్లారేసరికి బేసిన్ కడిగినట్టు ఉంటోంది. కుక్క మాత్రం చిక్కిపోతోంది. మొదట పిల్లుల పనే అనుకున్నాం. పోయిన వారం మా అబ్బాయి వసారా బల్బు ఆర్పకుండా, పాత ఫోన్‌ను కిటికీ చువ్వలకు కట్టి రికార్డింగ్ పెట్టాడు. పదకొండున్నరకు రెండు పందికొక్కులు వచ్చాయి. ఒకటి బేసిన్ అంచు మీద ముందుకాళ్లు ఆనించి తింటుంటే, రెండోది సంగటి ముద్దను నోట కరుచుకుని గోడ కింది బొక్కలోకి మోసుకుపోతోంది. రెండు గంటలకు సపోటా చెట్టు మీది నుంచి ఒక పునుగుపిల్లి దిగింది. మెడ చాచి నాలుగు వైపులా వాసన చూసి, బేసిన్‌లో తల పెట్టి మూడు నిమిషాలు తిన్నది. కరియ ఆరడుగుల దూరంలో పడుకుని తల కూడా ఎత్తలేదు.

పునుగుపిల్లిని కొట్టే ఉద్దేశం మాకు లేదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసేది పునుగు తైలమే కదా, మా అత్త ఆ వీడియో చూసి దండం పెట్టింది. నా భయం వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపేసినప్పటి నుంచి మా వైపు చీకటి పడితే అందరికీ టెన్షనే. తిండి వాసనకు ఇవి వస్తుంటే, వీటి వెనక ఇంకేం వస్తుందో అని. కొండ పక్కన, అడవి పక్కన ఉండేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

సిద్దిపేట పొలంగట్టు

అక్కా, మీకు రాత్రి దొంగలు, మాకు పగటి దొంగలు. కోతుల మంద పొద్దున ఆరున్నర, ఏడింటికి చింతచెట్టు దిగుతుంది, పొద్దుగూకితే మళ్లీ ఎక్కుతుంది. మధ్యలో కుక్క గిన్నె బయట ఉంటే అంతే సంగతి. ఒక కోతి గోడ మీద అటూ ఇటూ పరుగెత్తి కుక్కను ఉడికిస్తుంది. కుక్క దాని వెంట పడగానే మిగతావి గిన్నె ఖాళీ చేస్తాయి. ఇది నా కళ్లతో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

కొండముచ్చు ఫొటోతో ఫ్లెక్సీ కట్టాం. నాలుగు రోజులు దూరంగా ఉన్నాయి. ఐదో రోజు ఒక పిల్లకోతి ఆ ఫ్లెక్సీ కట్టెల మీదనే ఊగింది. పులి బొమ్మ, టపాకాయలు కూడా అట్లనే అయినయి. ఆఖరికి పనిచేసింది వేళ మార్చడం ఒక్కటే. చీకట్లో కోతులు చెట్టు దిగవు. అందుకని తెల్లవారి ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి పెడుతున్నాం. కుక్క తిన్నంతసేపు పక్కన నిలబడి, గిన్నె లోపలికి తెచ్చేస్తున్నాం. మీరు దీన్నే తిరగేసుకోండి. మీ దొంగలు రాత్రివి కాబట్టి వెలుతురు ఉండగానే పెట్టి తీసేయండి.

ఇంకో మాట. పోయిన ఏడాది గిన్నె దగ్గర కొట్లాటలో మా కుక్క మెడ మీద కోతి పళ్లు దిగాయి. సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, పశువుల ఆసుపత్రిలో రేబీస్ టీకాలు వేయించాం. అప్పటిదాకా దానికి టీకానే లేదు, తప్పు మాదే. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం పెట్టారు. కానీ ఊరూరా ఉన్న మందలకు అదొక్కటి ఏం సరిపోతుంది. మన గిన్నె మనమే కాపాడుకోవాలి.

కంబాలకొండ వీధి

మాది విశాఖ, కంబాలకొండ అభయారణ్యం పక్కన కాలనీ అండి. పందికొక్కు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది, అంత పాతకాలపు శత్రువు అది. గిన్నె ఒక్కటి తీసేస్తే అది పోదు, మూట వెతుక్కుంటుంది. మేము కుక్క తిండి ఇరవై కేజీల బస్తా కొని మెట్ల కింద పెట్టేవాళ్లం. బస్తాకు కన్నం పెట్టింది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. వారంలో డబ్బా అడుగున నా బొటనవేలు దూరేంత కన్నం, చుట్టూ ఉలితో చెక్కినట్టు పళ్ల గాట్లు.

ఆ వర్షాకాలమే మా కుక్క తిండి మానేసింది. మూడో రోజు కళ్లలో తెల్లగుడ్డు పసుపు రాసినట్టు అయింది. లెప్టోస్పైరోసిస్ అన్నారు డాక్టరు గారు. ఎలుకలు, పందికొక్కుల మూత్రం కలిసిన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుందట. సెలైన్లు, ఇంజెక్షన్లతో పన్నెండు రోజులు యమయాతన పడింది, బతికింది. మనుషులకూ వచ్చే జబ్బే ఇది. ఇప్పుడు ఏటా టీకా వేయిస్తున్నాం. రాత్రంతా బయట ఉన్న గిన్నెలో సబ్బుతో కడగకుండా మళ్లీ తిండి పెట్టకండి, నీళ్ల గిన్నెకు కూడా అంతే.

నిల్వకు మాకు పనికొచ్చింది పాత అల్యూమినియం పాలక్యాను. మూత బిగుసుకుంటుంది, పళ్లు దిగవు, వాసన బయటికి రాదు. మీది పాడి ఉన్న జిల్లా కదా, పాతవి సులువుగా దొరుకుతాయి.

కొత్త సభ్యుడు 77

ఇంత కష్టం ఎందుకండీ. అన్నంలో గుళికల మందు కలిపి బొక్క దగ్గర పెట్టండి. రెండు రోజుల్లో పందికొక్కులన్నీ పోతాయి. మా చేలో అదే చేస్తాం.

నంద్యాల అవ్వ

బాబూ, నీ మీద కోపంతో కాదు గానీ ఆ మాట ఇంకెక్కడా చెప్పొద్దు. మా పక్కింటివాళ్లు గాదె దగ్గర అన్నంలో ఎలుకల మందు కలిపి పెట్టారు. గోడ దూకిపోయి మా టైగరు తినొచ్చింది. సాయంత్రం నోట నురగ, కాళ్లు కొట్టుకోవడం. ఆటోలో వేసుకుని పోతుంటే నా ఒళ్లోనే ప్రాణం వదిలింది. పదకొండేళ్లు మా ఇంట్లో మనిషిలా ఉన్నింది. మందు పెట్టినోళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లూ ఏడ్చారు. మందుకు మాత్రం ఇది కుక్క, ఇది పందికొక్కు అని తెలీదు కదా నాయనా.

పశువైద్యం చదువుతున్నా

అవ్వగారూ, చదువుతుంటే మనసు పాడైంది. మీరు చెప్పిన లక్షణాలు కొన్ని రకాల విషాలకు వస్తాయి కాబట్టి అది ఏ మందో చెప్పలేను. ఎలుకల మందుల్లో జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. రక్తం గడ్డకట్టనివ్వని బ్రోమాడయోలోన్ రకానికి విటమిన్ కె1 ఉంది, కానీ వెంటనే తీసుకురావాలి, ఏ మందు తిన్నదో ప్యాకెట్ కూడా తేవాలి. గుళికలు పొలంలో పురుగులకు ఇచ్చేవి. వాటిని ఎరగా వాడటం ప్రమాదం. పునుగుపిల్లి, ఉడుము, ముంగిస అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. విషం పెట్టి చంపితే కేసు అవుతుంది.

గిన్నె చుట్టూ కారం చల్లమని కూడా చాలామంది చెబుతారు. కుక్క ముక్కు, కళ్లు మండుతాయి, మంచు పడితే కారం పనిచేయదు, వద్దు. చీమలకైతే పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెడితే చాలు. అక్కా, ఉడికిన కోడి ఎముకలు మానేయండి. విరిగితే సూదుల్లా ఉంటాయి, పేగుకు గుచ్చుకుంటాయి. పైగా పునుగుపిల్లిని దించింది ఆ నీచు వాసనే అయ్యుండవచ్చు, సపోటా పండ్లు కూడా.

ఉద్దానం జీడితోట

శ్రీకాకుళం నుంచి. మాకు ఎలుగుబంటి. జీడిపండ్లు, పనసపండ్లకని తోటల్లోకి దిగుతుంది, ఊళ్లోకీ వస్తుంది. మా చిన్నాన్న ఇంటి గుమ్మం ముందు కుక్కకు పెట్టిన చేపల గంజి తాగి, ఆ కుండను దొర్లించుకుంటూ వాకిలి దాటింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదున్నర దాటితే బయట మెతుకు ఉండకూడదని ఇంట్లో కట్టుబాటు. కుక్క మొదటి రెండు రోజులు రాత్రిపూట అరిచింది, ఐదో రోజుకి వేళ తెలుసుకుని తనే గిన్నె దగ్గర కూర్చునేది. రాలిన పనస తొనలు కూడా ఏ రోజువి ఆ రోజే ఎత్తి గోతిలో కప్పేస్తాం. తిండి తీసి పండ్లు వదిలేస్తే లాభం లేదు.

ఎడిసన్ తెలుగింటి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ రకూన్‌లు, స్కంక్‌లు. డెక్ మీద వీధిపిల్లికి రాత్రి తిండి పెట్టి పడుకునేదాన్ని. ఒక రాత్రి స్కంక్ వచ్చింది, పిల్లి బెదిరింది, స్కంక్ వాసన చిమ్మింది. పది రోజులు ఇంట్లోకి ఆ కంపు. రకూన్ చేతులు మనుషుల చేతుల్లాంటివి, డబ్బా గొళ్లెం తీసేస్తుంది. ఈ రాష్ట్రంలో నల్ల ఎలుగుబంట్లకు తిండి పెట్టడం చట్టరీత్యా నేరం కూడా. ఇక్కడ వీధిపిల్లులను చూసుకునే వలంటీర్లు నాకు నేర్పింది మీరందరూ చెప్పిందే. పగటిపూట పెట్టు, అరగంట చూడు, తీసెయ్. పిల్లి రెండు వారాల్లో అలవాటు పడింది.

తలకోన దారి

అక్కా, మీ ఊరికి నలభై కిలోమీటర్ల లోపే మేముండేది. మీరు అడిగిన అసలు భయం గురించి రాస్తున్నాను. చిరుతకు మీ సంగటితో పనిలేదు. దానికి తిండి కరియనే. మహారాష్ట్రలో అకోలే ప్రాంతంలో పరిశోధకులు చిరుతల పెంటను పరీక్షిస్తే, అవి తిన్న మాంసం బరువులో 39 శాతం ఊరకుక్కలదే అని తేలింది. గిన్నె బయట పెడితే కుక్క రాత్రంతా దాని దగ్గరే పడుకుంటుంది. వీధికుక్కలు కూడా చేరతాయి. ఒకే చోట, ఒకే వేళ కుక్కలు దొరుకుతాయని చిరుతకు తెలిసిపోతుంది. గొలుసుతో కట్టేసి ఉంచితే ఇంకా ఘోరం, పారిపోవడానికి కూడా ఉండదు.

మా బ్రౌనీని అలాగే పోగొట్టుకున్నాం. తెల్లారి చూస్తే గొలుసు, మెడపట్టీ మిగిలాయి. ఇప్పుడున్న కుక్క చీకటి పడితే పశువుల కొట్టంలో ఉంటుంది. కొట్టానికి పైనా, పక్కలా ఇనుప మెష్ కొట్టించాం. తడికెకు చిరుత ఆగదు.

నీళ్ల సంగతి కూడా. ఎండాకాలం జాలిపడి కొండ వైపు గోడ కింద తొట్టి పెట్టేవాళ్లున్నారు. మంచి మనసే, కానీ వద్దండీ. అడవి లోపల ఫారెస్ట్ వాళ్లు సాసర్ పిట్లు, అంటే పళ్లెంలాంటి నీటి గుంటలు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోస్తారు. జంతువులు అక్కడే తాగాలి. మన పెరడుకు అలవాటు పడితే మనకూ నష్టం, వాటికీ నష్టం.

కంబాలకొండ వీధి

నీళ్ల విషయంలో నాది కొంచెం వేరే మాట అండి. పిట్టలకు, ఉడుతలకు డాబా మీద చిప్పలో పోయడం తప్పు కాదు. సాయంత్రం ఆ చిప్ప బోర్లించేస్తే సరి.

తలకోన దారి

డాబా మీద పిట్టలకంటే నేనూ ఒప్పుకుంటాను. నేలమీద వద్దన్నది.

చంద్రగిరి పెరడు

మూడు వారాలైంది, అందరికీ చెప్పాలని వచ్చాను. అవ్వగారూ, మీ టైగరు గురించి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

కరియకు ఇప్పుడు పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదున్నరకు తిండి. మొదటి మూడు రోజులు సగం వదిలేసి వెళ్లాడు. మా అత్త "పాపం, పెట్టు" అని పోరింది. నేను ఇరవై నిమిషాలు చూసి బేసిన్ ఎత్తేశాను. నాలుగో రోజు నుంచి నిలబడి మొత్తం తింటున్నాడు. ఎముకలు మానేశాం. గోడ కింది బొక్కను గాజుపెంకులు, కంకర, సిమెంటుతో పూడ్చాం. వారం తర్వాత పక్కన ఇంకో బొక్క తవ్వాయి, దాన్నీ పూడ్చాం. పాలక్యాను మా డెయిరీలో పనిచేసే తమ్ముడి దగ్గర దొరికింది. రాత్రి కరియ కొట్టంలో ఆవు పక్కన పడుకుంటున్నాడు, మెష్ పని వచ్చే వారం పూర్తవుతుంది. బరువు తూకం వేయలేదు గానీ పక్కటెముకలు కనిపించడం తగ్గింది.

పిల్లులతోనే ఇంకా ఇబ్బంది. అవి పిలిస్తే రావు, చెప్పిన వేళకు తినవు. ప్రస్తుతానికి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి, అవి దిగగానే తీసేస్తున్నాను. ఇంతకన్నా మంచి దారి ఉంటే చెప్పండి.

నిన్న రాత్రి మా అబ్బాయి మళ్లీ ఫోన్ కట్టాడు. పందికొక్కు ఒకటి వసారా చివర కనిపించి వెనక్కి తిరిగింది. రెండుంబావుకు పునుగుపిల్లి దిగింది. బేసిన్ ఉండే చోట గచ్చును చాలాసేపు వాసన చూసింది, ఒకసారి నాకింది, మళ్లీ చెట్టెక్కి కొండ వైపు కొమ్మల్లోకి వెళ్లిపోయింది.