నల్ల సిరాలో కార్డినల్ ఎరుపు: బరోక్ ఎన్‌గ్రేవింగుల్లో హోదా ఎలా పోల్చుకోవాలి?

చిత్రరేఖ:
17వ శతాబ్దపు ఫ్రెంచి, ఇటాలియన్ మతాధికారుల ఎన్‌గ్రేవింగులు, అంటే రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన చిత్రాలు, చూస్తున్నాను. తైలవర్ణ చిత్రంలోనైతే సగం పని ఎరుపే చేసిపెడుతుంది. సిరా తప్ప మరేమీ లేని కాగితం మీద అంత దర్జా ఎలా పలికించారు? పేరు చదవకుండా బిషప్పో, అంతకన్నా పైన పోప్‌కి దగ్గరి హోదా ఉన్న కార్డినలో చెప్పగలమా?

రాగిరేకు:
ముందు బట్ట చూడండి. రాగి మీద బ్యూరిన్ (చెక్కే ఉలి) లోతుగా దిగితే గీత లావై ముదురుతుంది, తేలితే సన్నబడుతుంది. సిల్కుకి దగ్గర దగ్గరగా గీతలు లాగి, మెరుపు పడే చోట ఠక్కున ఆపేస్తారు; అక్కడ మెరిసేది వట్టి కాగితమే. లేసుకి దారాల మధ్య సందుల్ని నల్లగా చెక్కి, దారాన్ని తెల్లగా వదిలేస్తారు. అసలు చాకిరీ ఇక్కడే. చిత్రకారుడు రిగో 1702లో వేసిన ఫ్రెంచి బిషప్ బొస్యుయే చిత్రాన్ని 1723లో పియర్ ఎంబేర్ ద్రెవే రాగిలోకి దించాడు. అందులో బొచ్చు, లేసు, సిల్కు దేనికదే వేరుగా తెలుస్తాయి. అప్పటికి బొస్యుయే పోయి 19 ఏళ్లు! ఇంకో ఫ్రెంచి చెక్కుడుగాడు నాంతోయ్ అయితే ముఖానికి పొట్టి గీతలు, చుక్కలు వాడాడు, చర్మం బట్టలో కలిసిపోకుండా. బొమ్మ చుట్టూ రాతిలో తొలిచినట్టుండే అండాకారపు చట్రం కూడా ఊరికే కాదు, బతికున్న మనిషికే స్మారక శిల్పం హోదా ఇస్తుంది.

కుచ్చులటోపీ:
బట్ట దర్జా చెబుతుంది గానీ పదవి చెప్పదండి. పదవి కోసం చట్రం కింద ఆ మనిషి చిహ్నంతో ఉన్న డాలు చూడాలి. దాని మీద వెడల్పు అంచు టోపీ, రెండు పక్కలా వేలాడే కుచ్చులు ఉంటాయి. కార్డినల్‌కి ఎరుపు, బిషప్‌కి ఆకుపచ్చ. రంగు లేదు కాబట్టి గీతల దిశ చూడండి. 1638లో పేత్రా సాంక్తా అనే రచయిత డాళ్ల చిహ్నాల మీద రాసిన పుస్తకంతో స్థిరపడిన పద్ధతిలో నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, ఏటవాలు గీతలు ఆకుపచ్చ, చుక్కలు బంగారం. అయితే డాలు మీద పాటించిన చెక్కుడుగాడు టోపీ దగ్గర పట్టించుకోకపోవచ్చు.

కుచ్చులు లెక్కపెట్టి మాత్రం తీర్పు చెప్పకండి. కార్డినల్‌కి పక్కకి 15 అన్న నియమం 1832లో గానీ ఖాయం కాలేదు. దానికన్నా కింది లాటిన్ రాత నమ్మకం. ‘ఎస్.ఆర్.ఇ. కార్డ్.’ అని ఉంటే రోమన్ చర్చి కార్డినలే. ‘ఎమినెన్స్’ బిరుదు కార్డినళ్లకి 1630లో పోప్ ఎనిమిదో అర్బన్ ఇచ్చాడు. 1644లో పోప్ పదో ఇన్నొసెంట్ వాళ్ల డాళ్ల మీద లౌకిక కిరీటాలు తీసెయ్యమన్నాడు.

రాగిరేకు:
ఆ రాతనీ గుడ్డిగా నమ్మొద్దు. పదవి పెరిగితే అదే రేకుని గీకి, నునుపు చేసి, వెనక నుంచి సుత్తితో కొట్టి సమం చేసి, టోపీనీ బిరుదునీ మళ్లీ చెక్కేవాళ్లు. ముఖం మాత్రం పాతదే. గీకిన చోట పాత గీతల జాడ మిగులుతుంది, పేరు చుట్టూ భూతద్దంతో వెతకండి. రాగి మెత్తన కాబట్టి ముందు అరిగేవి సన్న గీతలు. ఆఖర్న తీసిన ప్రతుల్లో సిల్కు మెరుపు పోయి బూడిదరంగు గుడ్డలా ఉంటుంది, అది చూసి చెక్కినవాణ్ణి తప్పుపట్టకండి. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి, ఆశీర్వదించేది కుడిచేత్తో. అందుకే ఆశీర్వదించే చెయ్యి ఎడమదైతే, బొమ్మను తిప్పి గీసుకోకుండా నేరుగా రేకు మీద చెక్కారని అర్థం. చాలావరకు అది నకలు.

చిత్రరేఖ:
మెడలో శిలువ లేకపోతే కార్డినల్ కాదనుకోవచ్చా?

కుచ్చులటోపీ:
కుదరదు. ఆ శిలువ బిషప్ గుర్తు, అప్పట్లో కార్డినళ్లంతా బిషప్పులు కారు. ఫ్రాన్సు మంత్రి మజారిన్ 1641లో కార్డినల్ అయ్యాడు గానీ ఎన్నడూ ప్రీస్టుగా అభిషేకం పొందలేదు. నాంతోయ్ చెక్కిన ఆయన బొమ్మల్లో నెత్తిమీద చిన్న టోపీ, భుజాల మీద పొట్టి కేప్ చూడండి.